‘ది’ కనబడితే ప్లూరలే అనకండి

సంపాదకులకు నమస్కారం.

మీ పోటీ పరీక్షల పేజీ కత్తిరించి దాచుకునే పిల్లలకు ఇంగ్లీషు గ్రామర్ చెబుతుంటాను. అందరి నోట్సుల్లో ఒకటే లైను ఉంటుంది: ‘ది’ తర్వాత యాడ్జెక్టివ్ వస్తే ప్లూరల్ వెర్బ్ పెట్టాలి. గైడ్లలోనూ అదే. అంతటితో ఆపేయడం వల్లే తెలివైన పిల్లలు కూడా మార్కులు పోగొట్టుకుంటున్నారు.

‘ది రిచ్’, ‘ది పూర్’ వరకు ఇబ్బంది లేదు, ఆ వర్గం వాళ్లంతా అని అర్థం కాబట్టి ‘ఆర్’ వస్తుంది. చిక్కంతా పార్టిసిపుల్స్ దగ్గరే, అంటే ‘ఇంజూర్డ్’లా వెర్బ్ నుంచి పుట్టి యాడ్జెక్టివ్‌లా వాడే మాటల దగ్గర. ‘ది ఇంజూర్డ్ వర్ టేకెన్ టు హాస్పిటల్’ అంటే సరే, గాయపడినవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లారు. కానీ ‘ది ఇంజూర్డ్ డ్రైవర్’ అని ఉన్నా బట్టీ పట్టినవాళ్లు ‘వర్’కే టిక్కు పెడతారు, అక్కడ ‘ది’ వచ్చింది డ్రైవర్ కోసమని, ఇంజూర్డ్ ఆ డ్రైవర్ ఎలా ఉన్నాడో చెబుతోందంతే అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు మరి. ఇక ‘ది అక్యూజ్డ్’, ‘ది డిసీస్డ్’ (చనిపోయినవారు) ఇంకో రకం. నిందితుడు ఒక్కడే అయితే ‘వాజ్’, నలుగురైతే ‘వర్’. ‘ది అన్‌నోన్’ అంటే మనుషులు కాదు, తెలియని విషయం, దానికి సింగ్యులరే.

మనకు గాయపడినవాడో, గాయపడినవాళ్లో మాట చివర్లోనే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ మాట మారదు. అందుకే మన పిల్లలు ‘యాన్ ఇంజూర్డ్’ అని ఆపేస్తారు, ‘ది పూర్స్’ అని ఎస్ తగిలిస్తారు. రెండూ తప్పే, ఒక్కరి గురించి చెప్పాలంటే ‘యాన్ ఇంజూర్డ్ మ్యాన్’ అని పక్కన నౌన్ ఉండాల్సిందే. ‘హీ ఈజ్ ఎ రిచ్’ కూడా ఇలాంటిదే, నౌన్ లేనప్పుడు ఆ ‘ఎ’ ఎందుకు?

‘ఎ’, ‘యాన్’ తేడాకైతే చాలావరకు తెలుగు లిపే సాయం చేస్తుంది. యూజ్డ్ కార్ అని తెలుగులో రాసి చూడండి, మొదట ‘య’ ఉంది కాబట్టి ‘ఎ’. ఆనెస్ట్ మ్యాన్‌లో ‘ఆ’ ఉంది, ‘యాన్’. స్పెల్లింగ్ కాదు, పలికే తీరు చూడాలి. ‘యాపిల్’ లాంటివాటితో మాత్రం జాగ్రత్త, మనం ‘యా’ అని రాసినా ఇంగ్లీషులో పలికేది అచ్చే, కాబట్టి ‘యాన్’.

డీఎస్సీకి చదివేవాళ్లు కూడా మీ పేజీయే చూస్తారండీ, రేపు బోర్డు మీద రాసేది వాళ్లే. బిట్లు కొన్ని తగ్గించినా ఫర్వాలేదు, రోజుకో ప్రమాద వార్తో కోర్టు వార్తో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వేసి, ఎక్కడ ‘వాజ్’ వచ్చింది, ఎక్కడ ‘వర్’ వచ్చింది, ఎందుకు వచ్చిందో కింద తెలుగులో రాయించండి.

– ఒక ఇంగ్లీషు టీచర్, నరసరావుపేట