బడికి నర్సును పంపిన లిలియన్ వాల్డ్

సంపాదకులకు,

ఆర్యా,

నర్సుల దినోత్సవానికి పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఏటా ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో మొదలై ఆమెతోనే ముగుస్తాయి. ఆమె గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. అయితే రోగి ఇంటికి వెళ్ళే నర్సుకు ‘పబ్లిక్ హెల్త్ నర్సు’ అన్న పేరునూ, దానికి తగిన హోదానూ తెచ్చిన లిలియన్ వాల్డ్ గురించి కూడా మన పాఠకులకు తెలియాలి. ఆమెను దయామయిగా మాత్రమే చెప్పుకుంటే ఆమె చేసిన పనిలో సగం మరుగున పడిపోతుంది.

1867లో అమెరికాలోని సిన్సినాటిలో, కలిగిన యూదు కుటుంబంలో పుట్టిన వాల్డ్ 1891లో న్యూయార్క్‌లో నర్సు శిక్షణ పూర్తిచేశారు. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదులు ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతుకుతున్న లోయర్ ఈస్ట్ సైడ్ అనే ఆ నగరపు పేటలో ఆమె ఆడవాళ్ళకు ఇంటి పరిచర్య పాఠాలు చెప్పేవారు. 1893లో ఒక రోజు ఒక చిన్నపిల్ల వచ్చి, ప్రసవం తర్వాత రక్తస్రావంతో మంచం పట్టిన తన తల్లి దగ్గరికి ఆమెను వెంటబెట్టుకుపోయింది. ఆ ఏడాదే వాల్డ్ తన తోటి నర్సు మేరీ బ్రూస్టర్‌తో కలిసి ఆ పేటకే మకాం మార్చారు. 1895లో బ్యాంకరు జేకబ్ షిఫ్ సమకూర్చిన హెన్రీ స్ట్రీట్ ఇల్లు, రోగుల ఇళ్ళకే వెళ్ళి చూసే వారి సేవకు కేంద్రమైంది. దాతల్లోనూ ఇరుగుపొరుగులోనూ యూదులే ఎక్కువైనా నర్సులు మతం అడగకుండా ఎవరింటికైనా వెళ్ళేవారు. డాక్టరు చీటీ లేకున్నా రోగి పిలిస్తే చాలు. ఇచ్చుకోగలిగిన వారి దగ్గర కొద్ది రుసుము తీసుకోవడం, తాము పొందుతున్నది బిచ్చమని వారు చిన్నబుచ్చుకోకుండా ఉండడానికే. 1906లో ఎలిజబెత్ టైలర్ అనే నల్లజాతి నర్సును ఆమె నియమించారు. 1909లో నల్లజాతివారి హక్కుల కోసం జరిగిన జాతీయ సదస్సు ప్రతినిధులకు, నలుపు తెలుపు భేదం లేకుండా, ఆ ఇంట్లోనే ఆతిథ్యమిచ్చారు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 1902 నాటి ప్రయత్నం. అప్పటికి న్యూయార్క్ బడుల్లో వైద్య తనిఖీ ఉండేది కానీ, డాక్టర్లు కళ్ళకలక, తామర, పేలు ఉన్న పిల్లలను గుర్తించి ఇంటికి పంపేయడంతో సరిపెట్టేవారు. ఇంటిదగ్గర వైద్యం చేయించేవారు లేక ఆ పిల్లలు వీధుల్లో తిరిగేవారు. వాల్డ్ తన నర్సు లీనా రోజర్స్‌ను ఒక నెలపాటు నాలుగు బడులకు పంపారు. ఆమె చిన్న జబ్బులకు బడిలోనే మందు వేసి, మిగతా పిల్లల ఇళ్ళకు వెళ్ళి తల్లులకు చేయవలసింది చూపించారు. ఫలితం చూసిన నగరపాలక సంస్థ నర్సులను తన ఖర్చుతోనే నియమించింది. ముందు చేసి చూపడం, ఆపై ఆ బాధ్యతను ప్రభుత్వం నెత్తిన పెట్టడం ఆమె పద్ధతి.

పత్తికి పురుగు పడితే విచారణకు కదిలే కేంద్ర ప్రభుత్వం, పసిపిల్లల చావుల విషయంలో ఎందుకు కదలదని ఆమె అడిగారు. మన పత్తి జిల్లాల వారికి ఆ ప్రశ్న విడమరచి చెప్పనక్కరలేదు. కార్మికుల, పిల్లల హక్కుల కోసం పోరాడిన ఫ్లోరెన్స్ కెల్లీతో కలిసి ఏళ్ళ తరబడి పట్టుబట్టగా 1912లో అమెరికా ప్రభుత్వంలో పిల్లల కోసం ప్రత్యేక విభాగం ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా చేరడాన్ని వ్యతిరేకించి కొందరు దాతలను పోగొట్టుకున్నా ఆమె వెనక్కి తగ్గలేదు. 1940లో కన్నుమూశారు.

మన దగ్గర రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తున్నాయి. బృందం వెళ్ళిపోయాక, చూపు మందగించిందనో రక్తహీనత ఉందనో తేలిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, వైద్యం అందేదాకా వెంటపడడం ఆ బడికే కేటాయించిన నర్సు విధి కావాలి. ఉన్న ఏఎన్ఎంల మీదే ఈ పని కూడా మోపడం న్యాయం కాదు. రెండు రాష్ట్రాల ఆరోగ్య, విద్యా శాఖలు చెరొక జిల్లాలో కొన్ని బడులను ఎంచుకుని, ఒక విద్యా సంవత్సరం పాటు దీన్ని అమలు చేసి, పిల్లల హాజరు, చికిత్స వివరాలను ప్రజల ముందు ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు,
గుంటూరు.