ఊరగాయ పెట్టెలో ఉత్తరం

విల్లివాక్కం, చెన్నై
ఆదివారం మధ్యాహ్నం

చి. సౌజన్యకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నకు షుగర్ అదుపులోనే ఉంది గానీ పొద్దున నడక ఎగ్గొడుతున్నారు. నా మాట వినరు, నువ్వు చెబితే వింటారు. చెప్పాలంటే ముందు నువ్వు ఫోన్ చెయ్యాలి కదా. నీ గొంతు విని ఇవాళ్టికి 19 రోజులు. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడుతున్నావు. అది చూస్తే నువ్వు అన్నం తిన్నావో లేదో నాకెలా తెలుస్తుంది?

ఈ కాగితం ఊరగాయల పెట్టెలో పెడుతున్నాను. నువ్వు ఊరందరికీ పచ్చళ్లు అమ్ముతున్నా నీ వంటింట్లో ఒక్క జాడీ ఉండదని నాకు తెలుసు. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి ఉన్నాయి. సున్నుండలు 30 పెట్టాను, సగం నీ పార్ట్‌నర్ రమ్యకు ఇవ్వు. ఇస్తావు కదా? మీరిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు కదా?

మొన్న సుజాత పిన్ని ఇంట్లో సీమంతానికి వెళ్లాం. భార్గవ్ బెంగళూరు నుంచి వచ్చాడు. వాడి రూమ్మేటే మీకు అట్టపెట్టెలు వేస్తాడట. భోజనాల దగ్గర "అక్క యూనిట్లో ఒక్క నెలలో నలుగురు మానేశారట కదా పెద్దమ్మా" అన్నాడు. నాకు ముందే తెలిసినట్టు తలూపాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. నాన్నకు ఇంకా చెప్పలేదు.

దాని గురించి అడగడానికి రాయడం లేదు. నీ వ్యాపారం నీది. పీణ్యలో ఆ షెడ్డు అద్దెకు తీసుకున్న రోజు నువ్వు నన్ను పిలిచి తాళం తీయించావు, ఆ రోజు నుంచి నేను జోక్యం చేసుకోలేదు. ఏదో నాలుగు కబుర్లు రాద్దామని కూర్చున్నాను.

బెంగళూరులో చలి మొదలైందని టీవీలో చెప్పారు. గీజర్ స్విచ్ ఆపకుండా బయటికి వెళ్లకు. పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుని, పైన కాఫీ పోసుకుని, మధ్యాహ్నం మూడింటి దాకా ఏమీ తినకపోతే కడుపు ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి కోపం తొందరగా వస్తుంది. నువ్వు అరిచేదానివి కాదు చిన్నప్పుడు.

మన మెస్సులో 11 మంది పనివాళ్లు ఉండేవాళ్లు, నీ దగ్గర 14 మంది, ఇప్పుడు పదేనేమో. 11 మందితో 26 ఏళ్లు చేశాను. 2019 వేసవిలో జరిగింది నీకు పూర్తిగా తెలియదు. నువ్వప్పుడు పుణేలో ఉన్నావు, నీకు టెన్షన్ ఎందుకని చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

ఆ ఏడు పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయాయి. నాన్న పొద్దున్నే పేపర్లో చెరువుల నీటిమట్టం చూసి, కండలేరు నుంచి కృష్ణా నీళ్లు ఎప్పుడు వదులుతారో అని లెక్కలు వేసేవారు. వీధి కుళాయిలో నీళ్లు రోజు విడిచి రోజు, తర్వాత అదీ లేదు. ప్రైవేటు ట్యాంకర్ ఆయన పొద్దున ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటు చెప్పేవాడు. ఊళ్లో కొన్ని హోటళ్లు మధ్యాహ్న భోజనమే తగ్గించేశాయి. నీళ్లకు ఎంత పోస్తున్నామో, చేతిలో ఎంత మిగులుతోందో నేను ఎవరికీ చెప్పలేదు. పనివాళ్లకు తెలిస్తే భయపడి మానేస్తారనుకున్నాను. గల్లా దగ్గర కూర్చుని లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాసేదాన్ని.

ఒక సోమవారం మునియమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అక్కా, మోటారు సౌండు వేరేగా ఉంది" అంది. గిన్నెలు తోమే చోటు సంపు పక్కనే కదా, రోజంతా ఆ సౌండు ఆమె చెవిలోనే ఉంటుంది. సరే చూస్తాలే అన్నాను. బుధవారం మళ్లీ వచ్చింది. అప్పుడే ట్యాంకర్ ఆయనతో ఫోన్లో గొడవ పడి పెట్టేశాను, టోకెన్ల కోసం జనం నిలబడి ఉన్నారు. "నీ పని గిన్నెలు తోమడం, మోటారు సంగతి నీకెందుకు" అని గట్టిగా అరిచేశాను. అందరూ విన్నారు. ఆమె ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు మోటారు మాట ఎవ్వరూ ఎత్తలేదు.

శనివారం మధ్యాహ్నం 64 టోకెన్లు తెగాయి, జనం కూర్చున్నారు, అన్నం సగం ఉడికింది. సంపులో నీళ్లు అడుక్కి పోయి మోటారు గాలి పీల్చింది. నీళ్లు లేకుండా తిరిగి తిరిగి కాలిపోయింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. టోకెన్ డబ్బులు అందరికీ వెనక్కిచ్చాను. అందరూ వెళ్లాక వంట చేసే నాగరాజు మాస్టర్ భుజం మీద తువ్వాలు తీసి గల్లా మీద పెట్టి, "మెస్సు మూసేస్తారని నెల నుంచి వింటున్నాం అమ్మగారూ. అడుగుదామంటే మీరు మునియమ్మనన్న మాట విన్నాం" అన్నాడు. ఆయనతో పాటు ఇద్దరు సప్లయర్లు వెళ్లిపోయారు. ఏది తెలిస్తే మానేస్తారని దాచానో, అది తెలియకే మానేశారు.

మర్నాడు ఆదివారం మునియమ్మ ఇంటికి వెళ్లాను. రైలు పట్టాల అవతల. ఆమెను తీసుకురమ్మని ఎవరినైనా పంపవచ్చు, నాన్న అదే అన్నారు, కానీ నేనే వెళ్లాను. గడప మీద కూర్చున్నాను. ఆమె లోపలికి వెళ్లి చెంబుడు నీళ్లు తెచ్చి ఇచ్చింది. తెల్లవారుజామున మూడింటి నుంచి రంగు బిందెలు వరసలో పెట్టుకుని తెచ్చుకున్న నీళ్లు సౌజన్యా అవి. నిండా పోసి ఇచ్చింది. నాకు గొంతు దిగలేదు. "నేను తప్పు మాటన్నాను మునియమ్మా, అందరి ముందు అన్నాను, రేపు అందరి ముందే చెబుతాను" అన్నాను. చెప్పాను కూడా.

సోమవారం మిగిలిన ఎనిమిది మందినీ కూర్చోబెట్టి లెక్కల పుస్తకం టేబుల్ మీద తెరిచి పెట్టాను. నీళ్లకు ఇంత, అద్దెకు ఇంత, జీతాలకు ఇంత, మిగిలేది ఇంత, ఇలా అయితే రెండు నెలలు నడపగలను అని చెప్పాను. ఏం చేద్దామని అడిగాను. మునియమ్మే మొదలుపెట్టింది. స్టీలు కంచాలు తీసేసి అరటాకులు వెయ్యమంది. కోయంబేడులో కట్టలు కొంటే తోమే నీళ్ల ఖర్చు కంటే తక్కువేనంది. గిన్నెలకు మూడు తొట్లు పెట్టి, మూడో తొట్టి నీళ్లు మర్నాడు రెండో తొట్టికి, రెండోది మొదటి తొట్టికి, మొదటిది నేల కడగడానికి. కూరలు కడిగిన నీళ్లు పారబోయొద్దంది. ఇంకొకరు కూరలు నాలుగు నుంచి రెండు చేద్దామన్నారు. ట్యాంకర్లు సగానికి తగ్గాయి. నేను ఒళ్లో పుస్తకం పెట్టుకుని నెల రోజులు ఆలోచించినా నాకు తట్టనివి అవన్నీ. నాగరాజు మాస్టర్ పది రోజులకు తిరిగొచ్చాడు, నేనే వెళ్లి అడిగాను.

ఆ సోమవారం కూర్చోవడం మెస్సు మూసేదాకా మానలేదు. భోజనాలయ్యాక మూడున్నరకు, ఇరవై నిమిషాలు. అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషి ముందు మాట్లాడాలి, ఆఖర్న నేను. నేను ముందు మాట్లాడితే మిగతావాళ్లు నా మాటకు తలూపుతారు, అంతే. మీకూ ఏదో మీటింగ్ ఉంటుందంటావు కదా, అందులో ముందు ఎవరు మాట్లాడతారు?

సరే, అసలు సంగతికి వస్తాను. భార్గవ్ ఇంకో మాట కూడా చెప్పాడు. సీసాల్లోంచి నూనె కారి ఒక లోడు మొత్తం వెనక్కి వచ్చిందట, నువ్వు ప్యాకింగ్ చేసే కవితను అందరి ముందూ కేకలేశావట, మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదట. వాడు విన్నది నిజమో కాదో నాకు తెలియదు. ఒకవేళ నిజమైతే క్వాలిటీ మామయ్య చెప్పేది గుర్తు చేసుకో. పాడిలో సుందరం క్లేటన్ ఫ్యాక్టరీలో చేసేవారు కదా, 1998లో వాళ్లకు నాణ్యతకు ఇచ్చే జపాన్ వాళ్ల డెమింగ్ ప్రైజ్ వచ్చినప్పుడు మెస్సంతా మైసూర్‌పాక్ పంచారు, నువ్వు రెండు తీసుకున్నావు. మన దేశంలో ఆ ప్రైజ్ అదే మొదటిదట. ఆయన అన్నం కలుపుకుంటూ చెప్పేవారు, తప్పు జరిగితే ఎవరు చేశారని అడగొద్దమ్మా, ఎందుకు జరిగిందని అడుగు, ఆ ఎందుకు అన్నది ఐదుసార్లు అడుగు, టయోటాలో అట్లాగే చేస్తారు అని.

అడిగి చూడు. నూనె ఎందుకు కారింది? మూత కింద రేకు అతుక్కోలేదు. ఎందుకు అతుక్కోలేదు? సీసా అంచు మీద నూనె ఉండిపోయింది. ఎందుకు ఉంది? తుడవలేదు. ఎందుకు తుడవలేదు? ఆ రోజు తుడిచే మనిషిని కూడా నింపడానికి పెట్టారేమో. ఎందుకు పెట్టారు? రెండింతల ఆర్డర్ ఒప్పుకున్నారేమో. ఒప్పుకున్నది కవిత కాదు కదా అమ్మా. నేను దూరాన కూర్చుని ఊహించి రాస్తున్నాను, మీ షెడ్డులో జరిగింది వేరే కావచ్చు. కానీ అడిగితే చెప్పగలిగేది ఆ పిల్లే, ఆమె ఇప్పుడు ఇంట్లో ఉంది.

జీతాలు ఆలస్యం చేయడం లేదు కదా? డబ్బు బిగిసిపోతే ముందు నీ ఖర్చు ఆపు, తర్వాత సరుకు వాళ్లను వారం ఆగమను, జీతం మాత్రం తేదీకి ఇవ్వు. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఈఎస్‌ఐ, అదే పనివాళ్ల వైద్య బీమా, కట్టాలి, ఇది మర్చిపోకు. జీతం 21,000 లోపు ఉన్నవాళ్ల దగ్గర 0.75 శాతం పట్టుకుని, నువ్వు 3.25 శాతం కలిపి, వచ్చే నెల 15 లోపు కట్టేయాలి. పట్టుకుని కట్టకపోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. మన సప్లయర్ శేఖర్ మీద సాంబారు ఒలికినప్పుడు అయనావరం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో 12 రోజులు ఉన్నాడు, పైసా అడగలేదు. వాడి పెళ్లాం ఆ తర్వాత నా మెస్సు గురించి ఊరంతా చెప్పింది.

ఆ పెద్ద షాపు వాళ్లు మీ డబ్బు నాలుగు నెలలుగా ఇవ్వలేదని వేసవిలో అన్నావు. ఇచ్చారా? చిన్న పరిశ్రమల వాళ్లు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించావా లేదా? మీరే తయారు చేసి అమ్ముతున్నారు కాబట్టి కాగితం మీద ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. మన ఆడిటర్ గారు రెండుసార్లు చెప్పారు నాకు. వాళ్లతో మర్యాదగా, కానీ రాతలో అడుగు. బయట రావలసిన డబ్బు రాక, ఆ కోపం లోపల ప్యాకింగ్ పిల్లల మీద చూపిస్తే ఏమొస్తుంది?

రమ్య సంగతి. మీ ఇద్దరిలో ఏది ఎవరు నిర్ణయిస్తారో రాసుకున్నారా? కొనడం, తయారీ ఆమెది, అమ్మకం, డబ్బు నీది అన్నావు మొదట్లో. మరి రెండింతల ఆర్డర్ ఒప్పుకునేటప్పుడు ఆమెను అడిగావా? స్నేహితులం కదా రాసుకోవడమెందుకు అనుకుంటారు, స్నేహితులు కాబట్టే రాసుకోవాలి. నేనూ మీ అత్తా రాసుకోలేదు, ఆ కథ నీకు తెలుసు, మళ్లీ రాయను.

ఉపదేశాలు చేయకూడదనుకుని మొదలుపెట్టాను. పేజీలు నిండిపోయాయి.

కవిత ఇల్లు ఎక్కడ? దాసరహళ్లి వైపని ఒకసారి అన్నావు. ఫోన్ చేయకు, మెసేజ్ అసలే పెట్టకు, వెళ్లు. పళ్లు తీసుకెళ్లు, ఉత్త చేతులతో వద్దు. రమ్మని అడగడానికి కాదు, ఏం జరిగిందో వినడానికి వచ్చానని చెప్పు. వస్తే మంచిది, రాకపోతే రావలసిన జీతం చేతికిచ్చి రా. ఆ పిల్ల మంచినీళ్లు ఇస్తే తాగు.

2019 జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ల రైలు మన విల్లివాక్కానికే వచ్చింది, 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. నేను గల్లా వదిలి వెళ్లలేకపోయాను. మునియమ్మ వెళ్లి చూసొచ్చి, వ్యాగన్ల కింద నీళ్లు కారుతుంటే ఒకాయన దోసిలి పట్టి తాగుతున్నాడని చెప్పింది. ఇప్పటికీ నెలకోసారి ఇంటికి వస్తుంది, మోకాళ్ల నొప్పులు. నువ్వెలా ఉన్నావని అడిగింది, బాగుందని చెప్పాను.

గురువారం లోపు ఫోన్ చెయ్యి. చేయకపోతే శుక్రవారం పొద్దున బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. మెజెస్టిక్‌లో దిగి మెట్రో ఎక్కితే పీణ్యకే వస్తుందట, నువ్వు స్టేషన్‌కు రావక్కర్లేదు. పని ఆపుకుని రాకు. నాన్నకు రెండు రోజులు సరోజ వండిపెడుతుంది.

పెట్టెలో గుడ్డ చుట్టిన చిన్న సీసా ఉంటుంది, నిమ్మకాయ ఊరగాయ, మునియమ్మ నీకని పెట్టింది. అంచు పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచాకే మూత పెట్టింది, నేను పక్కనే ఉన్నాను. మూత బిగువుగా ఉంది, రాకపోతే కత్తి పెట్టి పొడవకు, వేలు తెగుతుంది. వేడినీళ్లలో కాసేపు ఉంచి తిప్పు.

అమ్మ