క్యాంపర్‌లో టీవీ: బూస్టర్ కొనేముందు ఇది చదువు

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం అందింది. క్యాంపర్ వ్యాన్‌లో టీవీ బిగిస్తున్నావని, సిగ్నల్ పెంచే బూస్టర్ ఏది కొనమంటావని అడిగావు. ముందు ఆ బూస్టర్ మాట పక్కన పెట్టు. బొమ్మ నిలవకపోతే అందరి చెయ్యీ ముందు దానిమీదకే పోతుంది. కానీ యాంటెన్నాకి అందని సిగ్నల్‌ని బూస్టర్ పుట్టించలేదు. వచ్చిన సిగ్నల్‌నీ, దాంతో వచ్చిన రొదనీ కలిపి పెంచుతుంది, పైగా తన రొద కూడా కాస్త కలుపుతుంది. కేబుల్ పొడుగునా పోయే సిగ్నల్‌ని భర్తీ చెయ్యడమే దాని అసలు పని. ఆర్‌జీ6 అనే మంచి రకం టీవీ కేబుల్‌లో, 600 మెగాహెర్ట్జ్ దగ్గర, 100 మీటర్లకి సుమారు 18 డెసిబెల్స్ (సిగ్నల్ ఎంత పెరిగిందో తగ్గిందో చెప్పే కొలత) పోతాయి. నీ బండిలో పడే కేబుల్ మహా అయితే 10 మీటర్లు. అంటే పోయేది 2 డెసిబెల్స్ లోపే. దానికి బూస్టర్ ఎందుకు చెప్పు? ఒకే యాంటెన్నాని రెండు మూడు టీవీలకి పంచాల్సి వస్తే అప్పుడు పెట్టు. అప్పుడైనా టీవీ వెనక కాదు, పైన యాంటెన్నా పక్కనే పెట్టాలి. ఇంకోటి, టీవీ టవర్‌కి దగ్గర్లో ఆగినప్పుడు బూస్టర్ ఆన్‌లో ఉంటే సిగ్నల్ మోతాదు మించి టీవీలో ఛానళ్లు పట్టే ట్యూనర్ ఉక్కిరిబిక్కిరవుతుంది, వచ్చే ఛానళ్లు కూడా మాయమవుతాయి. అందుకే ఆఫ్ చేసే వీలున్నదే కొనాలి.

డబ్బూ శ్రద్ధా పెట్టాల్సింది యాంటెన్నా మీద. రేకు బండి లోపల యాంటెన్నా పెట్టడం డబ్బాలో దీపం పెట్టినట్టే, కిటికీలోంచి వచ్చినదే దక్కుతుంది. గోడలు ఫైబర్‌వే అయినా లోపల వేడి ఆపడానికి మెరిసే రేకు పొర వేసి ఉంటే అదీ అడ్డమే. కాబట్టి యాంటెన్నా బయట, పైకప్పు మీద ఉండాలి. గుండ్రటి పళ్లెంలా ఉండేది అన్ని దిక్కులా పడుతుంది, తిప్పే పని లేదు. కానీ దాని పట్టు తక్కువ, చుట్టుపక్కల బండ్లకి తగిలి వచ్చే ప్రతిధ్వనుల్ని కూడా అంతే ఇష్టంగా లాగుతుంది. నా ఓటు టవర్ వైపు తిప్పే పుల్లల యాంటెన్నాకే. ఆగిన ప్రతిచోటా రెండు నిమిషాలు తిప్పుకోవాలి, అంతే.

తిప్పేటప్పుడు చాలామంది మరిచేది పుల్లల వాలు. కొన్ని టవర్లు అడ్డంగా ఊగే తరంగాల్ని పంపుతాయి, కొన్ని, ముఖ్యంగా సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే చిన్న రిలే టవర్లు, నిలువుగా ఊగేవాటిని. తరంగం అడ్డమై నీ పుల్లలు నిలువుగా ఉన్నా, అది నిలువై ఇవి అడ్డంగా ఉన్నా 20 డెసిబెల్స్ వరకు పోవచ్చు, అంటే అందాల్సిన దాంట్లో నూరోవంతే అందుతుంది. చుట్టూ ఇళ్ల మీద యాంటెన్నాల్ని చూడు. అవి ఎటు తిరిగున్నాయో, పుల్లలు అడ్డంగా ఉన్నాయో నిలువుగా ఉన్నాయో వాటినే అనుసరించు. ఎత్తు పెంచే వీలుంటే పెంచు, ఒక్క మీటరు పెంచినా తేడా తెలుస్తుంది. పెంచినా రాకపోతే బండిని నాలుగడుగులు జరిపి చూడు. ప్రతిధ్వని వచ్చి అసలు సిగ్నల్‌ని కొట్టేసే చోటు కాస్త అవతలికే మారిపోతుంది.

పాత టీవీల్లో సిగ్నల్ తగ్గితే చుక్కలు పడి హెచ్చరించేది. డిజిటల్‌లో ఆ ముచ్చట లేదు. చివరి దాకా శుభ్రంగా వచ్చి, ఒక్కసారిగా గళ్లు గళ్లుగా విరిగి పోతుంది. అందుకే బొమ్మ చూస్తూ తిప్పకు. మెనూలో సిగ్నల్ స్క్రీన్ తెరిచి, 'స్ట్రెంగ్త్' కాకుండా 'క్వాలిటీ' గీత చూడు. కొంచెం తిప్పి రెండు మూడు సెకన్లు ఆగు, ట్యూనర్ అంత వేగంగా స్పందించదు. గీత స్థిరపడ్డాకే ఛానల్ స్కాన్ చెయ్యి, తిప్పకముందు చేస్తే సగం దొరకవు. ఊరు మారితే ఫ్రీక్వెన్సీలు మారతాయి కనక స్కాన్ కూడా మళ్లీ చెయ్యాల్సిందే. దేశం దాటే ప్రయాణమైతే నీ టీవీ ఏ డిజిటల్ ప్రసార పద్ధతి చదువుతుందో పెట్టె మీద చూసుకో. డీవీబీ-టీ2 పద్ధతి చదివే టీవీకి వేరే దేశాల ఏటీఎస్‌సీ, ఐఎస్‌డీబీ-టీ పద్ధతులు అర్థం కావు.

ఇక కేబుల్ చివరలు. బండి కుదుపులకి ముందు పాడయ్యేవి అవే. కేబుల్ చివరి మర పిన్ను, అంటే ఎఫ్ కనెక్టర్ బిగించేటప్పుడు మధ్య తీగ చుట్టూ ఉండే వల తీగల్ని వెనక్కి మడిచి, ఒక్క పోగైనా మధ్య తీగకి తగలకుండా చూడు. తగిలితే షార్ట్. యాంటెన్నాకి కరెంటు కేబుల్‌లోంచే వెళ్లే రకమైతే ఫ్యూజ్ కూడా పోవచ్చు. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి 2–3 మిల్లీమీటర్లు బయటికి రావాలి. రెండు చివరలూ ఊడదీసి మల్టీమీటర్‌తో మధ్య తీగకీ వలకీ కొలిస్తే అసలేమీ కలవకూడదు. బయటి జాయింట్‌కి తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టు. కేబుల్ లోపలికి దూరేచోట కిందికి ఒక వంపు ఇస్తే వాన నీరు వంపులోంచి జారిపోతుంది, లోపలికి రాదు.

అన్నీ సరిగా ఉన్నా బొమ్మ విరుగుతుంటే బండిలోనే దొంగని వెతుకు. చవక ఎల్‌ఈడీ లైట్లు, యూఎస్‌బీ చార్జర్లు, సోలార్ కంట్రోలర్, ఇన్వర్టర్ రేడియో రొద చిమ్ముతాయి. ఒక్కొక్కటీ ఆపుతూ క్వాలిటీ గీత చూడు. ఏది ఆపితే గీత లేస్తుందో అదే దోషి.

టవర్లే అందని అడవుల్లో తిరుగుతానంటే డిష్ తప్పదు. ఉపగ్రహం భూమధ్యరేఖ పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలకి మించదు, అందుకే గురి పక్కాగా ఉండాలి. ముందు డిష్ బిగించే స్తంభం నిటారుగా ఉందో లేదో మట్టంతో చూడు. అది వాలితే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి. ఎత్తు కోణాన్ని బ్రాకెట్ మీది గీతల్ని చూసే పెట్టు, కంటిని నమ్మకు. ఈ డిష్‌లు నిటారుగా నిలబడ్డట్టున్నా అవి చూసేది 20–25 డిగ్రీలు పైకి. దిక్సూచిని బండి ఇనుముకి దూరంగా పట్టుకుని దిక్కు చూసి, డిష్‌ని వేలెడంత వేలెడంత తిప్పుతూ ఆగుతూ పో. సిగ్నల్ దొరికాక ఎల్ఎన్‌బీని (డిష్ ముందు చేతికి ఉండే, సిగ్నల్ అందుకునే ముక్క) కాస్త మెలితిప్పి క్వాలిటీ పెంచు. గురి చూడ్డానికి వాడే ఫైండర్ మీటర్ కూత పెట్టినంత మాత్రాన సంతోషించకు, అది ఏ ఉపగ్రహాన్ని చూసినా కూస్తుంది. నీ ఛానళ్లు తెరిచి చూసుకో. చెట్టు ఆకులు కూడా డిష్‌కి గోడే. నీడ కోసం చెట్టు కింద ఆపితే టీవీ వదులుకున్నట్టే.

బ్యాటరీ లెక్క చిన్నది: 30 వాట్ల టీవీ 12 వోల్టుల మీద 2.5 యాంపులు లాగుతుంది, నాలుగు గంటలకి 10 యాంపియర్-అవర్లు. చార్జింగ్‌లో బ్యాటరీ 14.4 వోల్టులకి లేస్తుంది కాబట్టి, టీవీ అంత తట్టుకుంటుందో లేదో లేబుల్ చూడు. లేకపోతే మధ్యలో 12 వోల్టుల స్టెబిలైజర్ పెట్టు.

యాంటెన్నా స్తంభం, అదే మాస్ట్, ఎత్తేముందు తలెత్తి కరెంటు తీగలున్నాయేమో చూడరా, మరిచిపోకు. ఉరుములు మొదలైతే దించెయ్యి. బయల్దేరేముందు దించడం గుర్తుండాలంటే, మాస్ట్ ఎత్తినప్పుడల్లా ఒక ఎర్ర గుడ్డ స్టీరింగ్‌కి కట్టు.

నీ బండి పైకప్పు రేకా, ఫైబరా రాయి. దాన్నిబట్టి యాంటెన్నా కింద పట్టీ వెయ్యాలా, ఎక్కడ రంధ్రం చెయ్యాలి అన్నది వచ్చే ఉత్తరంలో రాస్తా.

నీ నేస్తం