పురోహితుడు, వివాహాధికారి

మిస్సిసాగా, కెనడా

పూజ్యులైన బాబాయిగారికి నమస్కరించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ పిన్నిగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మొన్న మీరు అడిగిన ప్రశ్న ఫోనులో తేలే సంగతి కాదు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరు మగవాళ్లకో ఇద్దరు ఆడవాళ్లకో పెళ్లి చెల్లుతుందని కెనడా సర్కారే చట్టం చేశాక, అలాంటి జంట వచ్చి పీటల మీద కూర్చుంటే ఇక్కడి పురోహితుడు కాదనగలడా అని కదా మీ సందేహం? నిక్షేపంగా కాదనగలడు. ఆ మాట చట్టంలోనే ఉంది.

కెనడాలో ఈ చట్టం 2005 జులై 20న అమలులోకి వచ్చింది. పౌర వ్యవహారాల వరకు వివాహమంటే ఇద్దరు వ్యక్తుల చట్టబద్ధమైన బంధం అని రెండో సెక్షను చెబితే, తమ విశ్వాసానికి విరుద్ధమైన పెళ్లి జరిపించడానికి నిరాకరించే స్వేచ్ఛ మత సంస్థల వారికి ఉందని ఆ వెంటనే మూడో సెక్షను చెబుతుంది. ఇక్కడి హిందూ పురోహితుల్లో ఇలాంటి పెళ్లిళ్లు చేసేవాళ్లూ ఉన్నారు, చేయనివాళ్లూ ఉన్నారు. ఇద్దరి జోలికీ ప్రభుత్వం రాదు.

మా అమ్మాయి పెళ్లి వీడియోలో మీరు గమనించారో లేదో, తలంబ్రాలు అయ్యాక పురోహితుడుగారు చేతి పసుపు తుడుచుకుని, సంచిలోంచి ఒక కాగితం తీసి, వధూవరులచేతా ఇద్దరు సాక్షులచేతా సంతకాలు పెట్టించి తానూ పెట్టారు. అదే వివాహ లైసెన్సు. ఆ సంతకానికి విలువ ఉండాలంటే ఆయన పేరు మా ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. అంటే ఒకే మనిషి ఒకే పందిట్లో మతం పనీ, ప్రభుత్వం పనీ రెండూ చేశారన్నమాట. సమానత్వం అడిగినవాళ్లు అడిగింది ఆ కాగితం గురించే.

అది అంత తేలిగ్గా దక్కలేదు. 2001 జనవరిలో టొరంటోలోని ఒక చర్చి, లైసెన్సుతో పనిలేకుండా వరుసగా ఆదివారాలు పేర్లు చదివి పెళ్లి చేసే పాత క్రైస్తవ పద్ధతిలో అలాంటి రెండు జంటలకు పెళ్లి చేస్తే, ప్రభుత్వం వాటిని నమోదు చేయనంది. 2003 జూన్ 10న ఒంటారియో అప్పీలు కోర్టు ఆ జంటల పక్షాన తీర్పు చెప్పింది. నాకు ఆసక్తి కలిగించిన సంగతేమిటంటే, తమ మత స్వేచ్ఛకు భంగం కలిగిందన్న ఆ చర్చి వాదనను కోర్టు ఒప్పుకోలేదు. రాజ్యాంగంలోని సమానత్వ హక్కు కిందే ఆ జంటలు గెలిచాయి. వద్దనే మతం మాటా చెల్లలేదు, కావాలనే మతం మాటా చెల్లలేదు. లౌకిక ప్రభుత్వం అంటే నాకు అప్పుడు సరిగ్గా అర్థమైంది.

మరుసటి ఏడాది డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు ముందుకు 1866 నాటి ఇంగ్లండు తీర్పు ఒకటి వచ్చింది. వివాహమంటే ఒక పురుషుడూ ఒక స్త్రీ అన్న ఆ నిర్వచనం, పెళ్లినీ క్రైస్తవాన్నీ విడదీయలేని సమాజానిదని, నేటి కెనడా పలు మతాల దేశమని, రాజ్యం దృష్టిలో వివాహం పౌర వ్యవస్థ అని న్యాయమూర్తులు తేల్చారు. ఆ తర్వాత స్వయంగా క్యాథలిక్కు అయిన ప్రధాని పాల్ మార్టిన్ ప్రభుత్వం తెచ్చిన బిల్లు 158–133 ఓట్లతో దిగువ సభలో నెగ్గింది.

పురోహితుడికి ఉన్న వెసులుబాటు ప్రభుత్వం నియమించిన వివాహాధికారికి మాత్రం లేదు. సస్కాచెవాన్ అనే ఇక్కడి మరో రాష్ట్రంలో అలాంటి అధికారులు కూడా తమ మత విశ్వాసాన్ని బట్టి నిరాకరించవచ్చని చట్టం తేబోతే, అది రాజ్యాంగానికి విరుద్ధమని అక్కడి అప్పీలు కోర్టు 2011 జనవరిలో చెప్పింది. నాకు ఈ తీర్పే అన్నిటికన్నా న్యాయంగా తోస్తుంది. మన ఊరి రేషను డీలరు, నా మతం ఒప్పుకోదంటూ ఎవరి బియ్యమైనా ఆపితే మీరే ముందు ఎమ్మార్వో దగ్గరికి వెళతారు కదా!

మన దేశంలో ఇలాంటి పెళ్లిళ్ల మీద 2023 అక్టోబరు 17న అయిదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు చెప్పిన తీర్పు మీరు పేపర్లో చదివే ఉంటారు. కోర్టుకెక్కిన జంటల్లో ఒకటి హైదరాబాద్‌లో కాపురముంటున్నదే. వివాహం చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని, మార్చదలిస్తే చట్టసభలే మార్చాలని ధర్మాసనం చెప్పింది. అయితే విచారణ సాగింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం మీద. అందులో హోమమూ లేదు, నిఖానామా లేదు, రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు మాత్రమే. రేపు పార్లమెంటు ఆ చట్టాన్ని మార్చినా అది మీ హోమగుండం దాకా రావలసిన పని లేదు. ఆసుపత్రిలో సంతకానికి, పింఛనుకు, వారసత్వానికి భార్యాభర్తలకున్న హక్కే తమకూ కావాలని ఆ జంటలు అడిగాయి. మంత్రాలు కావాలని మిమ్మల్ని అడగలేదు.

శాస్త్రం ఏమంటుందో మీకే తెలియాలి, ఆ జోలికి నేను పోను. ఈ వాదనలో పొరపాటుంటే మాత్రం తప్పక రాయండి. పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు
మీ సూరి