వ్యాయామం మాత్రలో దొరుకుతుందా?

ప్రియమైన రవీ,

ఒళ్లు కదపకుండానే వ్యాయామం చేసిన ఫలితమిచ్చే మందులున్నాయట, నిజమేనా అని అడిగావు. ఎలుకల వరకూ నిజమేరా. కానీ నువ్వు ఆన్‌లైన్‌లో చూసిన ఆ పొడి మాత్రం తెప్పించుకోకు. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

2008లో అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో రోనాల్డ్ ఎవాన్స్ బృందం, పరుగు అలవాటు లేని ఎలుకలకు నాలుగు వారాలు ఐకార్ అనే పదార్థం ఇచ్చింది. అవి మామూలు ఎలుకల కంటే 44 శాతం ఎక్కువ దూరం పరుగెత్తాయి! కణంలో శక్తి తగ్గినప్పుడు ఏఎంపీకే అనే ఎంజైమ్ మేల్కొని కొవ్వును కరిగించమంటుంది. ఐకార్ చేసేది ట్యాంకులో పెట్రోలు ఉండగానే రిజర్వ్ లైటు వెలిగించడం లాంటిది.

2023లో టామస్ బరిస్ అనే శాస్త్రవేత్త బృందం ఎస్ఎల్‌యూ-పీపీ-332 అనే మరో పదార్థం ఫలితాలు ప్రకటించింది. ఇది కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాను పెంచే జన్యువులను పని చేయిస్తుంది. లావెక్కిన ఎలుకలు తిండి తగ్గించకుండానే నెల రోజుల్లో 12 శాతం బరువు తగ్గాయి. వయసుతో మైటోకాండ్రియా నీరసిస్తాయి కాబట్టి, ముసలితనాన్ని పరిశోధించేవాళ్లు కూడా దీనిమీద ఆశ పెట్టుకున్నారు.

ఆ ఆశ నాకూ ఉంది. తుంటి విరిగి మంచాన పడ్డాక నాన్న కాళ్లలో కండ ఎంత తొందరగా కరిగిపోయిందో నువ్వూ చూశావు. నడవమని ఎలా చెప్తాం? అలాంటివాళ్ల కోసమైనా ఈ పరిశోధన గెలవాలని మనసారా కోరుకుంటున్నాను.

నీ పొడి సంగతికి వస్తే, కార్డరిన్ పేరుతో అమ్ముతున్నది జీడబ్ల్యూ501516 అనే ఇలాంటి పదార్థమే. జంతువులకు ఇచ్చినప్పుడు చాలా అవయవాల్లో క్యాన్సర్లు రావడంతో, దాన్ని తయారుచేసిన పెద్ద కంపెనీయే పక్కన పెట్టేసింది. 2013లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాన్ని వాడొద్దని క్రీడాకారులను ప్రత్యేకంగా హెచ్చరించింది కూడా. పెరగమని కణాలకు చెప్పే మందు ఏ కణానికి చెబుతుందో మన చేతిలో ఉండదు కదా!

ఇంకో మాట. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఏఎంపీకేను లేపుతుంది. ఆయుష్షు పెరుగుతుందని షుగరు లేనివాళ్లూ దానిమీద ఆశ పెట్టుకుంటున్నారు. అయితే 65 దాటినవాళ్లతో 14 వారాలు బరువులు ఎత్తించి చూసిన పరిశోధన 2019లో వచ్చింది. మెట్‌ఫార్మిన్ తీసుకున్నవాళ్లకు కండ తక్కువ పెరిగింది! వ్యాయామంలా పనిచేస్తుందనుకున్నదే వ్యాయామానికి అడ్డుపడింది. అలాగని షుగరుకు వేసుకునేవాళ్లు మానేయకూడదులే, అది డాక్టరు చూసుకోవాల్సిన విషయం.

నడిస్తే ఎముకమీద బరువు పడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు తూలకుండా నిలదొక్కుకోవడం నేర్చుకుంటుంది. ఇవన్నీ ఒక్క మాత్రలో పట్టవురా. నీ కాళ్లు బాగున్నాయి. ఆర్డర్ పెట్టేసి ఉంటే ఇవాళే క్యాన్సిల్ చేసి, నాకు ఫోన్ చెయ్యి.

నీ
శీను