శుక్రవారం వ్యాను, గురువారం ఫోన్లు: కువైట్ తెలుగు సంఘానికి వందనాలు

సంఘంలో అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మొన్న ఆరాధనలో సాక్ష్యం చెప్పమని పాస్టర్ అన్న మైకు ఇస్తే రెండు ముక్కలకే నా గొంతు పూడుకుపోయింది. పైగా మన తర్వాత హాల్లోకి రావాల్సినవాళ్ళు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నారు. అందుకని చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. నాది కోనసీమ, రాజోలు దగ్గర పల్లె. ఇక్కడ ఖాదిమ్ వీసా, అంటే ఇంటిపనివాళ్ళకిచ్చే వీసా మీద ఇంటి డ్రైవర్ని. కిందటి వేసవిలో కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో నిచ్చెనెక్కి కార్ల షెడ్డు కడుగుతూ జారిపడ్డాను. మోకాలి కింద ఎముక విరిగింది, ప్లేటు వేశారు. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి నా గదిలో కొత్త డ్రైవరు, వరండాలో నా సూట్‌కేసు. జీతం ఆగిపోయింది. ఆ ఇంటి గురించి ఇంతకన్నా రాయదలచుకోలేదు.

ఆ రాత్రే మలికిపురం బావ వచ్చి నన్ను అబ్బాసియాలో తన గదికి తీసుకెళ్ళాడు. తన కింది మంచం నాకిచ్చి తను పైమంచం ఎక్కాడు. బావ అంటే చుట్టం కాదు. మన సంఘంలో అందరం ఊరి పేరుతోనే కదా పిలుచుకుంటాం. సాయం చేసినవాళ్ళు పేర్లు రాయొద్దన్నారు కాబట్టి ఆ పిలుపులే ఇక్కడా పనికొచ్చాయి. అప్పటిదాకా శుక్రవారాలు నాకు డ్యూటీ పడేది. పండుగలకి తప్ప నేను చర్చికి వచ్చిందే తక్కువ. నా మొహం తెలిసినవాళ్ళు కూడా పెద్దగా లేరు. అయినా వచ్చారు.

చిట్వేలి అక్క తను పనిచేసే సల్వా నుంచి ఎవరు ఇటు వస్తుంటే వాళ్ళ చేత కూర పంపేది. డబ్బా మీద టేపు అంటించి, దాని మీద పెన్నుతో ‘కాలు తమ్ముడికి’ అని రాసేది. ఫర్వానియా నర్సు చెల్లెమ్మ డ్యూటీ దిగి, రూముకి వెళ్ళకుండా తిన్నగా వచ్చి కట్టు మార్చేది. మా పాప కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలలో సంఘ పెద్దలు నాకో మాటైనా చెప్పకుండా మా ఆవిడ అకౌంటుకి డబ్బు పంపారు. అది కానుకల పెట్టెలోది కాదట, విడిగా తలా కొంత వేసుకున్నారట. పాత కఫీల్ నుంచి వేరే కఫీల్ దగ్గరికి మారడానికి కావాల్సిన రిలీజ్ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది కూడా వాళ్ళే. నన్ను కూర్చోబెట్టి తోసిన వీల్‌చైర్ మలయాళీ సంఘం వాళ్ళది. ఇప్పటికీ వాళ్ళు అడగలేదు, మనం ఇవ్వలేదు. ఎవరైనా ఈ వారం గుర్తుపెట్టుకుని ఇచ్చేయండి.

ఇవన్నీ ఒకెత్తు. పాస్టర్ అన్న ఒక సాయంత్రం వచ్చి నా ఒళ్ళో పడేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకెత్తు.

“విరిగింది కాలే కదా తమ్ముడూ, నోరు బాగానే ఉందిగా. గురువారం ఫోన్లు ఇకనుంచి నువ్వు చెయ్యి.”

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మనకి ఆరాధన కూడా శుక్రవారమే. ఇళ్ళల్లో పనిచేసే అక్కలకి ఆ సెలవు దొరకడమే కష్టం. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళకి వారానికొక రోజు విశ్రాంతి ఇవ్వాలంటుంది. ఆ చట్టం ఉందని కూడా తెలియని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఒకరికి నెలకోసారి సెలవు, ఇంకొకరికి రెండు గంటలు, మరొకరికి మేడమ్ మూడ్‌ని బట్టి. ఈ వారం ఎవరు వస్తారో, ఎక్కడ ఎక్కుతారో, ఎన్నింటికి తిరిగి దింపాలో గురువారం సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కోవాలి. మంగాఫ్‌లో బయల్దేరిన వ్యాను సబాహ్ అల్ సాలెం, మిష్రిఫ్, బయాన్, సల్వా, రుమైతియా, సాల్మియా మీదుగా సిటీకి వస్తుంది. ఒక్క పేరు అటూ ఇటూ అయితే పాట మొదలయ్యేసరికి సగం మంది రోడ్డు మీదే ఉంటారు.

అన్నిటికన్నా కష్టం అడ్రసు. కొత్తగా కడప నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకామెని “ఎక్కడున్నావమ్మా” అంటే, “యాడుండానో నాకేం తెల్సు నాయనా, ఇంటి ముందర మసీదు, ఆ పక్కన జమియా ఉండాయి” అంది. జమియా అంటే సహకార సంఘం దుకాణం. మసీదు, జమియా లేని పేట కువైట్‌లో ఎక్కడుంది! చివరికి ఒక ఉపాయం దొరికింది. ఇక్కడ ప్రతి ఇంటి గోడకీ నంబరు పలక ఉంటుంది. రాత్రి చెత్త పారేయడానికి బయటికొచ్చినప్పుడు దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నాను. ఆ నంబరు కువైట్ ఫైండర్ యాప్‌లో కొడితే తిన్నగా ఆ గుమ్మం చూపిస్తుంది. పెద్దమ్మ పంపిన మొదటి ఫొటోలో పలక కన్నా చెత్త సంచే బాగా పడింది. రెండో ఫొటోలో నంబరు దొరికింది.

మెల్లగా ఆ ఫోన్లు వ్యాను దగ్గర ఆగడం మానేశాయి. “నాకు సెలవు లేదు తమ్ముడూ, మా వాడు ఇంటర్ పరీక్షలు రాస్తన్నాడు, ప్రార్థనలో వాడి పేరు చెప్పు” అని ఒక అక్క అంటుంది. అమ్మ కంటి ఆపరేషన్, ఊళ్ళో అప్పు, అకామా (ఇక్కడ ఉండడానికిచ్చే పర్మిట్) రెన్యువల్ అని ఇంకొకరు. అవన్నీ నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసుకునేవాణ్ణి. ముందు పేజీల కన్నా అవే తొందరగా నిండాయి. మిష్రిఫ్‌లో ఒక అక్కకి నేను ఎరిగినంతలో ఒక్క శుక్రవారం కూడా సెలవు దొరకలేదు. ఆరాధన మొదలవగానే ఆమెకి కాల్ కలిపి ఫోన్ హార్మోనియం పక్కన పెడతాను. ఆమె అక్కడ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బట్టలు ఇస్త్రీ చేస్తూ వింటుంది. ప్రసంగం ఎక్కువైతే ముందు మెసేజ్ పెట్టేది కూడా ఆమే.

అంతకుముందు మంచం మీద నాకు ఏ వారమో కూడా తెలిసేది కాదు. నోట్‌బుక్ వచ్చాక గురువారం మధ్యాహ్నానికే గడ్డం గీసుకుని, చొక్కా మార్చుకుని కూర్చునేవాణ్ణి. “ఫోన్‌లో నీ మొహం ఎవరికి కనపడుద్దిరా” అని బావ నవ్వేవాడు. తిండి పెట్టినందుకు ఎంత రుణపడ్డానో, నా చేత పని చేయించినందుకు అంతకన్నా ఎక్కువ రుణపడ్డాను. ఈ సంగతి పాస్టర్ అన్నకి నేరుగా చెప్పలేకపోయాను, మొహమాటం.

చంక కర్రలతో మొదటిసారి చర్చికి వచ్చిన రోజు కాంపౌండ్‌ని తీరిగ్గా చూశాను. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్లు ఒకప్పుడు ఈ సముద్రం ఒడ్డునే ఆస్పత్రి నడిపారు. 1931లో కట్టిన చర్చి ఇది. ఇక్కడి నేషనల్ ఇవాంజెలికల్ చర్చికి 1999లో కువైటీ దేశస్థుడే, ఇమాన్యుయేల్ గరీబ్ గారు, పాస్టరు అయ్యారని చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మరు. ఒక హాల్లో తమిళం, ఇంకో హాల్లో ఉర్దూ, అటుపక్క ఫిలిప్పీన్స్ వాళ్ళ గిటార్లు, మధ్యలో మన కంజీరా. ఆ రోజు వాక్యం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పన్నెండో అధ్యాయం. తల పాదాలతో మీరు నాకు అక్కర్లేదని చెప్పజాలదు అన్న మాట చదవగానే హాలంతా తిరిగి నా సిమెంటు కట్టు వైపు చూసి నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

ఇప్పుడు రిలీజ్ వచ్చింది, సాల్మియాలో కొత్త కఫీల్ దొరికాడు. జీతం పది దినార్లు తగ్గినా పర్వాలేదు, శుక్రవారం పొద్దున మాత్రం సెలవు కావాలని ముందే మాట తీసుకున్నాను. ఆ పది దినార్ల గురించి మా ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది. వ్యాను కూడా ఇప్పుడు నేనే తోలుతున్నాను కాబట్టి, ఎవరు ఆలస్యంగా దిగినా నన్నే తిట్టుకోండి.

మలికిపురం బావకి, చిట్వేలి అక్కకి, నర్సు చెల్లెమ్మకి, పెద్దలకి, స్త్రీల సమాజం అమ్మలకి, మా ఇంటి తరఫున అందరికీ వందనాలు. ఈ వారం సబాహ్ అల్ సాలెంలో కొత్తగా ఇద్దరు అక్కలు దిగారని విన్నాను. వాళ్ళ నంబర్లు తెలిసినవాళ్ళు బుధవారం లోపు నాకు పంపండి, గురువారం సాయంత్రం ఫోన్ చేస్తాను. గోడ మీద పలక ఫొటో కూడా పెట్టమని చెప్పండి.