మన కాలనీ వార్షిక నివేదిక: ఈ ఏడాది పనులు, గోదురు కప్పల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

చందాలు, ఖర్చుల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాం, చూసుకోండి. కాలిపోయిన వీధి దీపాలు మార్పించాం, బోరు మోటారు రిపేరు చేయించాం, బతుకమ్మకు ముందు పార్కు శుభ్రం చేయించాం. ఇవన్నీ మీ కళ్ల ముందు జరిగినవే. వివరంగా రాయాల్సింది మాత్రం ఒకటుంది, ఎందుకంటే అందులో తప్పు మన కమిటీదే.

మృగశిర దాటాక పడ్డ మొదటి పెద్ద వానకు పార్కు వెనక గుంత నిండింది. రెండు రోజులకు ఆ నీళ్లలో గడ్డిపోచలకు చుట్టుకొని, జిగురు తాడులో నల్లపూసలు రెండు పేటలుగా గుచ్చినట్టు ఏవో కనిపించాయి. దోమలొస్తాయని ఫిర్యాదు రావడంతో ట్రాక్టరుతో మొరం తెప్పించి పూడ్పించేశాం. అవి గోదురు కప్ప గుడ్లని తర్వాత మన కాలనీలోనే ఉండే బయాలజీ టీచరమ్మ చెప్పారు. "ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదన్నా" అన్నారామె. ఆ మాటకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తర్వాత వానాకాలమంతా వీలున్న ఆదివారాల్లో, పిల్లల్ని తీసుకొని, టార్చిలైట్లతో కాలనీలోనూ పానగల్ చెరువు కట్ట వైపూ తిరిగాం.

గోదురు కప్పను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. చెరువులో ఉండే కప్ప తడిగా, నున్నగా ఉంటుంది, ఒక్క ఎగురుకు గజం దూరం పోతుంది. ఇది అలా కాదు, ఒళ్లంతా పొడిగా గరుకుగా ఉండి చిన్న చిన్న గెంతులతో నడుస్తుంది. ఒంటి మీది బొడిపెలకు చివర్లు నల్లగా ఉంటాయి, కళ్ల పైన కాటుక గీసినట్టు నల్లటి గట్టి అంచులుంటాయి. కంటి వెనక చిక్కుడు గింజ ఆకారంలో ఉబ్బుగా ఒక గ్రంథి కనబడితే ఇక అనుమానమే అక్కర్లేదు. ఆడది 15 సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు, మగది చిన్నది. జత కట్టే కాలంలో మగదాని గొంతు పసుపు రంగుకు తిరుగుతుంది. శాస్త్రవేత్తలు దీనికి 1799లోనే పేరు పెట్టారు, ఇప్పుడు దుత్తఫ్రైనస్ మెలనోస్టిక్టస్ అంటున్నారు.

పగలు రాళ్ల కింద, పూలకుండీల కింద నక్కి ఉంటుంది, పొద్దుగూకాక బయటికొస్తుంది. ఒక రాత్రి వీధి దీపం కింద ఉసిళ్లు రాలుతుంటే ఒకటి తింటూ కనిపించింది, మేము ఐదుగురం చుట్టూ కూర్చుని చూశాం. ముందుకు వంగి నాలుక విసిరింది, ఉసిలి మాయం, వెంటనే కళ్లు రెండూ లోపలికి దిగిపోయాయి. అలా కళ్లను లోపలికి లాక్కుని తిండిని గొంతులోకి నెడుతుందట. నోట్లో పళ్లే లేవు మరి! దోమలన్నీ తినేస్తుందని మాత్రం ఆశపడకండి, దాని తిండి ఎక్కువగా చీమలు, చెదలు, పెంకు పురుగులు. పెరట్లో చెదల బాధ ఉన్నవాళ్లకు ఇది తక్కువ సాయం కాదు. నీళ్లు నోటితో తాగదు, తడి నేల మీద కూర్చుంటే పొట్ట చర్మమే పీల్చుకుంటుంది. మన ఎండాకాలంలో మట్టిలో దాక్కుని బతికేది కూడా ఒంట్లో దాచుకున్న నీటితోనే.

ముట్టుకుంటే పులిపిర్లు రావు, అవి వచ్చేది వైరస్ వల్ల. పట్టుకుంటే వదిలేది విషం కాదు, ఆ దాచుకున్న నీళ్లే. అవి పోతే దానికే కష్టం, కాబట్టి ఊరికే పట్టుకోకండి. విషం ఉండేది చర్మంలో, ముఖ్యంగా కంటి వెనక గ్రంథుల్లో. ఒక సభ్యుడి కుక్క దాన్ని కరిచి నురగలు కక్కితే అందరికీ టెన్షనే, తల కిందికి వంచి నోరు కడిగి వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, బతికింది. మీరూ అదే చేయండి. పిల్లలు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి, చాలు.

ఒక్క మాట బాధతోనే రాస్తున్నా. వానలు వెనకబడితే రోకలికి కప్పను కట్టి, ఇంటింటికీ తిప్పి, బిందెలతో నీళ్లు పోసి కప్పతల్లి ఆడిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే మనం. అదే కప్ప బాత్రూం దగ్గర కనబడితే ఉప్పు చల్లుతున్నాం. దాని చర్మం నీటిని పీల్చేది, ఉప్పు పడితే విలవిల్లాడి చస్తుంది. దయచేసి చల్లొద్దు. చాటలోకి తోసి గోడవతల వదిలితే సరిపోతుంది.

సర్వసభ్య సమావేశం ముందుకు ఒక తీర్మానం తెస్తున్నాం: పార్కు వెనక, పూడ్చినచోటే, మోకాలి లోతు గుంత రోహిణిలోపు మళ్లీ తవ్వించాలి. తోకకప్పలు కాళ్లొచ్చి బయటికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది, అప్పటిదాకా అందులో మందు కొట్టకూడదు. బయటికొచ్చే పిల్లకప్పలు శనగ గింజంతే ఉంటాయి, ఆ రోజుల్లో రాత్రిపూట పార్కు పక్క రోడ్డులో బండ్లు మెల్లగా నడపాలి. ట్రాక్టరు ఖర్చు కమిటీ సభ్యులమే వేసుకుంటాం, సంఘం డబ్బు ముట్టుకోం. అభ్యంతరాలుంటే సమావేశంలో చెప్పండి, టీచరమ్మ కూడా వస్తానన్నారు.

ఇట్లు,
కార్యదర్శి